మంచం విప్పకుండా వేసిన నింద

నల్లులు పేదవాళ్ళ ఇళ్ళలోనే పడతాయని నమ్మిన మనిషిని నేను. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెప్పాను. నల్లికి రెక్కలు లేవనీ, ఎగరలేదనీ, గెంతలేదనీ, నెత్తురు తప్ప మరేదీ తాగదనీ ఎన్ని బ్యాచిల చేత వల్లె వేయించానో. నెత్తురు ఒక్కటే కావలసిన పురుగుకి ఆ ఇల్లు ఊడ్చి ఉంటే ఎంత, ఊడవకపోతే ఎంత? పాఠంలో చెప్పిన ఆ సంగతి నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి నాకు తట్టలేదు. నేను చూడాల్సిన చోట చూడలేదు. చూడకుండానే ఒక మనిషి పొట్ట మీద కొట్టాను. అది ఎలా జరిగిందో దాచకుండా రాస్తాను.

మా చిన్నతనంలో ఇలాంటి నమ్మకం ఎవరికీ ఉండేది కాదు. అమలాపురం దగ్గర మా ఊళ్ళో కరణంగారి పందిరి మంచంలోనూ నల్లులే, పాలేరు నులక మంచంలోనూ నల్లులే. వేసవి మధ్యాహ్నాల్లో మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేవి. నాన్న మంచాన్ని ఒక పక్కకి ఎత్తి దబదబా నేలకేసి కొడితే నల్లులు రాలేవి, కోడిపెట్టలు ఏరుకు తినేవి. పట్టె కోడులోకి దిగే సందుల్లో అమ్మ మరిగే నీళ్ళు పోసేది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఈ ఏడు మీకూ ఎక్కువగానే ఉన్నాయా వదినా?" అని అడిగేది. ఆ మాటకి ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

తర్వాత కాలం మారింది. మలేరియా కోసం గోడలకు డీడీటీ కొట్టారు, దాని వెనక కొత్త మందులు వచ్చాయి, నులక మంచాలు అటకలెక్కాయి. మా బోటి ఇళ్ళలో నల్లి కనిపించడం తగ్గిపోయింది. కనిపించడం తగ్గేకొద్దీ దాని చుట్టూ సిగ్గు పెరిగింది. మనకి లేవు గనక అవి ఉన్నవాళ్ళు మనకంటే తక్కువవాళ్ళన్న ఊహ మెల్లగా మనసులో చేరింది. నాలోనూ చేరింది. 2023 శరత్కాలంలో పారిస్ నగరంలో మెట్రో రైళ్ళలో, సినిమాహాళ్ళలో నల్లులున్నాయని పేపర్లన్నీ రాసినప్పుడు చదివి ఆశ్చర్యపోయాను. అంతటి ఊరికి వచ్చినవి ఏ ఊరికైనా వస్తాయని మాత్రం అనుకోలేదు.

రాజమండ్రిలో మా అపార్టుమెంటుకి రెండు వీధుల అవతల ఒక ఆఫీసరుగారికి బదిలీ అయింది. సామాను అమ్మేస్తున్నారని తెలిసి వెళ్ళాం. టేకు మంచం, తలవైపు రెక్సిన్ కుట్టిన మెత్తటి బోర్డు. సగం ధర. ఉగాది వెళ్ళిన వారంలో తెచ్చుకుని, తడిగుడ్డతో తుడిచి, పడకగదిలో వేసుకున్నాం. ఆ బోర్డు వెనక్కి ఒక్కసారైనా తొంగి చూడలేదు.

నెల తిరిగేసరికి నా ముంజేతుల మీద దద్దుర్లు మొదలయ్యాయి. ఒకదాని పక్కన ఒకటి, ఒకే వరసలో వచ్చేవి. తెల్లవారుజామున దురద. స్కిన్ డాక్టరుకి చూపిస్తే ఎలర్జీ అన్నారు. మాత్రలు మింగాను, సబ్బు మార్చాను, వంకాయ మానేశాను. అదే మంచం మీద నా పక్కనే పడుకునే మావారి ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. అందుకే మంచం మీద మాకు అనుమానం రాలేదు. నిజానికి నల్లి ఇద్దరినీ కుడుతుంది. ఒకరి ఒళ్ళు దద్దురు తేలుతుంది, ఇంకొకరిది తేలదు. తేలేవాళ్ళకి కూడా ఒక్కోసారి రోజుల తర్వాత గాని తేలదు. కుట్టేటప్పుడు నొప్పి తెలియదు. అయిదు పది నిమిషాల్లో కడుపు నింపుకుని తన సందులోకి వెళ్ళిపోతుంది. ఒంటి మీది మచ్చలు చూసి నల్లా, దోమా అని తేల్చడం డాక్టరుకైనా కష్టమే. తేల్చాలంటే పురుగునో, దాని జాడనో పట్టుకోవాలి.

అది ఒకనాటి తెల్లవారుజామున దొరికింది. లైటు వేస్తే దిండు గలీబు మీద నడుస్తోంది. వేలితో నొక్కాను. చిన్నప్పటి ఆ కంపు నలభై ఏళ్ళ తర్వాత కూడా ఇట్టే గుర్తుపట్టాను. ఎక్కడ దాక్కుంది, ఎన్ని ఉన్నాయి, ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి అన్న ప్రశ్నలు ఆ క్షణాన నాకు రావాలి. నా చదువుకి వచ్చి తీరాలి. నాకు వచ్చిన ప్రశ్న మాత్రం, ఎవరు తెచ్చారు అని. జవాబు కూడా ఆ వెంటనే వచ్చేసింది.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ గోదావరి గట్టు దగ్గర పాత ఇళ్ళ వరసలో ఉండేది. పేరు రాయను, తన పేరు ఎక్కడా రావద్దంది. మా ఇంట్లో ఏడేళ్ళు చేసింది. మడతపెట్టిన బట్టలు మంచం మీద సర్దేటప్పుడు ఓ మూల కూర్చునేది. అంతే, ఆ మూల నా కళ్ళముందు నిలిచింది. ఆఫీసరుగారి ఇంటి మంచం ఒక్కసారైనా గుర్తుకు రాలేదు.

ముందు నోటితో ఏమీ అనలేదు. చేతలతో అన్నాను. తన సంచి గుమ్మం బయట పెట్టమన్నాను. బట్టలు హాల్లోనే మడతపెట్టమని ప్లాస్టిక్ కుర్చీ వేశాను. ఆవిడ అర్థం కాక నా మొహంలోకి చూసేది. ఆ వారంలోనే ఒక పొద్దున్న ఎదురు ఫ్లాటావిడ కరివేపాకు కోసం వచ్చి వంటగది గుమ్మంలో నిలబడి ఉండగా అడిగేశాను.

"మీ ఇంట్లో నల్లులున్నాయా?"

"ఎందుకమ్మగారూ?"

"మా ఇంట్లోకి వచ్చాయి. ఎక్కణ్ణించో అక్కణ్ణించి వచ్చుండాలి కదా."

ఆవిడ మాట్లాడలేదు. మిగిలిన గిన్నెలు తోమి, కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్ళింది. మర్నాడు రాలేదు. సాయంత్రం వాళ్ళబ్బాయి వచ్చి, "మా అమ్మ జీతం లెక్క కట్టి ఇచ్చెయ్యమందండి" అన్నాడు.

ఎదురు ఫ్లాటావిడ ముందే ఎందుకు అడిగానని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. పొరపాటున జరిగింది కాదు. నా ఇంట్లో నల్లులున్నాయన్న సంగతి నలుగురికీ పొక్కేలోగా, అవి నావి కావు, ఆవిడవి అని నలుగురికీ తెలియాలి. ఆ ఆత్రం కొద్దీ అడిగాను. నా పరువు కాపాడుకోవడానికి ఆవిడ పరువు వాడుకున్నాను. వారం తిరక్కుండా మా అంతస్తులోనే రెండిళ్ళవాళ్ళు ఆవిడని మానిపించేశారు.

మనిషి వెళ్ళిపోయింది, నల్లులు వెళ్ళలేదు. అప్పుడైనా మంచం చూడాలి కదా. చూడలేదు. మందుల కొట్టుకి వెళ్ళాం. కొట్టతను ఒక స్ప్రే డబ్బా ఇచ్చి, "ఇంకా గట్టిగా కావాలంటే ఇవి పెట్టండి, గది మూసేస్తే చాలు" అని ధాన్యం నిల్వల్లో వాడే బిళ్ళలు కూడా చూపించాడు. మావారికి ఘాటు పడదు గనక వద్దన్నారు. మమ్మల్ని కాపాడింది నా చదువు కాదు, ఆయన ఉబ్బసం. ఆ బిళ్ళలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. అది తలుపు సందుల్లోంచి పక్క గదికీ పక్క ఫ్లాటుకీ పాకుతుంది. దానికి విరుగుడు మందు లేదు. ఇంట్లో పురుగులు పోవాలని ఆ బిళ్ళలు పెట్టి పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు మన దేశంలో ఉన్నాయి. ఎవరు ఎంత చవగ్గా ఇచ్చినా ఇంట్లోకి రానివ్వకండి.

స్ప్రే మాత్రం కొట్టాం. పరుపు తడిసేలా కొట్టాం. ఇవాళ రేపు ఇళ్ళల్లో కొట్టే మందుల్లో ఎక్కువ భాగం పైరిత్రాయిడ్ జాతివి. వాటికి నల్లి అలవాటు పడిపోయింది. మందుకి లొంగకపోవడం దానికి కొత్త విద్య కాదు. డీడీటీ వాడకంలోకి వచ్చిన కొద్ది ఏళ్ళకే, 1947లో, హవాయిలో నౌకాదళం బ్యారక్‌లలో దానికి చావని నల్లులు కనపడ్డాయి. పైగా ఆ స్ప్రేకి అవి చెదిరిపోయి తలుపు చట్రాల్లోకి, స్విచ్చిబోర్డుల వెనక్కి పోతాయి. మేమింకో తప్పు కూడా చేశాం. పడకగది వదిలి హాల్లో దివాన్ మీద పడుకోవడం మొదలుపెట్టాం. నల్లి మన ఒంటి వెచ్చదనాన్ని, మనం వదిలే బొగ్గుపులుసు వాయువుని బట్టి వెతుక్కుంటూ వస్తుంది. ఒక గదిలో ఉన్న పీడను మేమే పిలిచి రెండో గదికి తెచ్చుకున్నాం.

చివరికి మా అమ్మాయి ఫోన్‌లో కోప్పడితే పెస్ట్ కంట్రోల్ మనిషిని పిలిచాం. పాతికేళ్ళ కుర్రాడు. మందు డబ్బా బయటే పెట్టి, టార్చి, స్క్రూడ్రైవరు, గడువు తీరిన పాత ఏటీఎం కార్డు పట్టుకుని లోపలికి వచ్చాడు. "మందు తర్వాత మేడం, ముందు చూద్దాం" అన్నాడు. నేను కాలేజీలో పిల్లలకి చెప్పిన మాట అదే. ల్యాబ్‌లో చూడకుండా రికార్డు రాస్తే చింపేసేదాన్ని.

అతను తలవైపు నుంచి మొదలుపెట్టాడు. దుప్పటి ఒక్కో మడతా విప్పి తీశాడు, దులపలేదు. పరుపు అంచున కుట్టిన గుండ్రటి పట్టీని వేలితో ఎత్తి పట్టుకుని, టార్చిని పక్కవాటంగా వేసి, కార్డు మూల ఆ కుట్టులో పెట్టి మెల్లగా లాగాడు. అక్కడక్కడ నల్లటి చుక్కలు కనపడ్డాయి. తెల్లగుడ్డ తడిపి ఒక చుక్క మీద అద్దితే తుప్పురంగులో పాకింది. జీర్ణమైన నెత్తురు అది, నల్లి రెట్ట. మామూలు మురికి అలా పాకదు. "పరుపులో తక్కువే ఉన్నాయి మేడం, ఇల్లు వేరే ఉంది" అన్నాడు.

మంచాన్ని గోడ దగ్గర్నుంచి జరిపాడు. రెక్సిన్ బోర్డుని పట్టి ఉంచే నాలుగు స్క్రూలు విప్పి, బోర్డుని తెల్ల దుప్పటి మీద బోర్లా పెట్టాడు. నన్ను దగ్గరికి రమ్మని టార్చి నా చేతికిచ్చాడు. స్క్రూ ఊడిన కంత అంచు చుట్టూ రెట్ట పొర మీద పొర కట్టి తారు పూసినట్టుంది. కంతలోకి వెలుగు వేస్తే లోపల కదలిక. బలిసిన పెద్దవి అయిదు మిల్లీమీటర్లుంటాయి, కుంకుడు రంగు, పల్చటి ఒళ్ళు. వాటి మధ్య, ఒంట్లో తాగిన నెత్తురు బయటికే కనపడే పిల్ల నల్లులు. గుడ్డని చెక్కకి బిగించిన మేకుల వరస వెంబడి మిల్లీమీటరు పొడుగున తెల్లటి గుడ్లు, గీకినా ఊడనంత గట్టిగా అంటుకుని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ ఉన్నవి కుబుసాలు. గుడ్డులోంచి వచ్చిన నల్లి పెద్దదయ్యేలోగా అయిదుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచిన ప్రతిసారీ అంతకుముందు కడుపునిండా నెత్తురు తాగి ఉండాలి. ఆ అయిదు సైజులూ గుత్తులు గుత్తులుగా అక్కడున్నాయి. కొన్ని పాతబడి చేయి తగిలితే పొడి అవుతున్నాయి.

నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. అది నిన్నా మొన్నా చేరిన సంసారం కాదు. మా ఇంటికి రాకముందు నుంచీ ఆ బోర్డులో ఉంది. బదిలీ హడావిడిలో మంచం కొన్నాళ్ళు ఖాళీగా పడున్నా నల్లికి లెక్క లేదు, నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. ఆ కుర్రాడు మంచం కాళ్ళవైపు కూడా చూశాడు. ఆవిడ కూర్చునే మూల దగ్గర పట్టె, పరుపు కుట్టు, కింద చెక్క, అన్నీ చూశాడు. ఒక్క చుక్క లేదు. ఆ మూలని నేనే రెండోసారి టార్చి వేసి చూశాను. ఏమీ లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక పాత నోట్సు తిరగేస్తుంటే ఎప్పుడో రాసుకున్న సంగతి కనిపించింది. మద్రాసులో పనిచేసిన ప్యాటన్ అనే డాక్టరు 1907లో, కాలా అజార్ జ్వరాన్ని మోసేది నల్లేమోనని అనుమానించాడు. ఆ అనుమానాన్ని ఎవరూ నిజమని రాసేసుకోలేదు. ఏళ్ళ తరబడి పరీక్షలు చేశారు. చివరికి 1942లో, ఆ జ్వరాన్ని మోసేది శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ అని ప్రయోగాలతో తేల్చారు. నల్లి మామూలుగా ఏ రోగాన్నీ అంటించినట్టు ఇంతవరకూ రుజువు కాలేదు. పురుగు మీద పడ్డ నిందకి అంత విచారణ జరిగింది. నాకు ఏడేళ్ళుగా తెలిసిన మనిషి మీద నింద వెయ్యడానికి నేను స్క్రూడ్రైవరు కూడా పట్టుకోలేదు.

ఇల్లు బాగు చేయడానికి రెండు నెలలు పైనే పట్టింది. రెక్సిన్ బోర్డుని పాలిథిన్‌లో గట్టిగా చుట్టి పారేశాం, ఇంకెవరూ ఏరుకుని ఇంటికి పట్టుకెళ్ళకుండా చీల్చి మరీ పారేశాం. పరుపుకి జిప్పున్న తొడుగు వేశాం. సందుల్లో ఆవిరి పట్టించారు. యాభై డిగ్రీలు దాటిన వేడికి నల్లీ నిలవదు, గుడ్డూ నిలవదు. గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి గనక ఆ కుర్రాడు రెండు వారాలకి మళ్ళీ వచ్చి మొదటి నుంచి చూశాడు. మంచంకోళ్ళ కింద సబ్బునీళ్ళ గిన్నెలు పెట్టించాడు. మన వేడి ప్రాంతాల నల్లి ఉత్త ప్లాస్టిక్ గిన్నె గోడ ఎక్కేయగలదట, నీళ్ళుంటే దాటలేదట.

దీనికంటే కష్టమైన పని ఇంకోటి ఉంది. మా అపార్టుమెంటులో ఆవిడని మానిపించిన రెండిళ్ళకీ, నా మాట వెళ్ళిందని తెలిసిన మిగతా ఇళ్ళకీ తిరిగాను. నల్లులు నేను కొన్న మంచంలో వచ్చాయనీ, ఆవిడకి ఏ సంబంధమూ లేదనీ చెప్పాను. ఎదురు ఫ్లాటావిడ తలుపు దగ్గర మాట తడబడింది, అయినా పూర్తి చేశాను. పై అంతస్తులో ఒకావిడ తలుపు దగ్గరగా వేసి, "మాకూ ఉన్నాయండీ, చెప్పుకోలేక ఊరుకున్నాం" అంది. ఆ కుర్రాడి నంబరు ఇచ్చి వచ్చాను.

ఆవిడ ఇంటికి నేనూ మావారూ వెళ్ళాం. ఆవిడ లోపలికి రమ్మంది, కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. సంగతంతా చెప్పి, తప్పు నాదేనని చెప్పి, మళ్ళీ రమ్మని అడిగాను. కొంచెంసేపు నేల చూపులు చూసింది.

"మంచంలో ఉన్నాయని తెలవక అడిగారు, సరేనమ్మగారూ. అడిగితే నన్నొక్కదాన్ని అడగాల్సింది. ఆవిడ ముందు అడక్కుండా ఉండాల్సింది" అంది.

జవాబు చెప్పలేకపోయాను. తను మళ్ళీ మా ఇంటికి రాలేదు. వంటకి మనిషి కావాలన్న ఒక టిఫిన్ సెంటరులో చేరింది, పొద్దున్నే నాలుగింటికి వెళ్ళాలి. ఖాళీగా ఉన్న నెలల డబ్బు ఇవ్వబోతే ముందు తీసుకోలేదు. వాళ్ళబ్బాయి ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు, మావారు మరోసారి వెళ్ళి మాట్లాడాక తీసుకుంది.

వాడిన మంచమో, సోఫానో కొనేవాళ్ళకి నా మనవి ఒకటుంది. ఆటో ఎక్కించకముందే, అమ్మేవాళ్ళ వాకిట్లోనే తలబోర్డు విప్పించి స్క్రూ కంతల్లో టార్చి వేసి చూడండి. మొహమాటపడకండి. ఊరు వెళ్ళొస్తే పెట్టెని మంచం మీద పెట్టకుండా బాల్కనీలో తెరిచి, దాని కుట్లు చూడండి. ఇంట్లో ఒకరికే దద్దుర్లు వస్తున్నాయంటే రెండోవాళ్ళ మాట మీద మంచాన్ని వదిలేయకండి. నల్లి దొరికితే పక్కింటివాళ్ళకి అదే రోజు చెప్పండి, గోడ సందుల్లోంచి వాళ్ళింటికి వెళ్ళకముందే వాళ్ళూ చూసుకుంటారు. ఎవరు తెచ్చారన్నది మాత్రం ఎవరినీ అడగకండి.

నేను చెప్పి వచ్చిన రెండిళ్ళలో ఒకింటివాళ్ళు ఆవిడని మళ్ళీ పిలిచారు. రెండో ఇంటావిడ, "నిజమేనండీ, కానీ వేరే మనిషిని పెట్టేసుకున్నాం" అంది.